సుంకన్న చూసిన పిడుగు

సుంకన్న ఉండేవాడంట జిల్లేడుపల్లెలో. చిత్రావతి ఏరుకి ఇవతల ఉండేది ఆ ఊరు. ఆయనకి ఏ మాట చెప్పినా రుజువు కావల్ల. నువ్వు చూసినావా, నీ కండ్లతో చూసినావా, లేకపోతే ఎవురన్నా చెప్తే ఇన్నావా, ఎప్పుడూ అదే మాట. పక్కూర్లో వాన పడిందప్పా అని ఎవురన్నా వొచ్చి చెప్తే, వాని పంచె అంచు పట్టుకుని పిండి చూసేవాడంట. తడిగ ఉంటే పడినట్లు, పొడిగ ఉంటే పడనట్లు. వాడు పాపం వాన నిలిచినాక బయలుదేరి ఎండలో నడిచొచ్చింటాడు, అయినా సరే, పడలేదు. దేముడుండాడా సుంకన్నా అంటే నాకు కనపడలేదు అనేవాడు. అయితే లేడా అంటే, లేడనేది గూడా నాకు కనపడలేదు అనేవాడు. ఇట్లాంటోనితో కాపరం ఎట్లుంటాదో మీరే అనుకోండి. ఆయన పెండ్లాము ఓబులమ్మ. ఒకసారి ఏమైందంటే, ఆయమ్మ తల్లి సచ్చిపోయిందని పుట్టింటినుంచి మనిషొచ్చినాడు. ఆయమ్మ నోరు తెరిచి ఏడవబోతే ఈయన చెయ్యి అడ్డం పెట్టినాడంట. ఉండు ఉండు, ఏమబ్బీ, శవాన్ని నువ్వు చూసినావా అని అడిగినాడు. లేదన్నా, వాళ్ళు చెప్పి రమ్మంటే వొచ్చినా అన్నాడు వాడు. ఇన్నావు కదా, రుజువు లేదు, పోయి చూసినాక ఏడుద్దువులే అన్నాడంట పెండ్లాముతో. ఆయమ్మ దోవ పొడుగునా ఏడుపు గొంతులో పెట్టుకుని నడిచింది. పోయేసరికి మన్ను చేసేసినారు. ఈయన ఆ మట్టి చూసి, నలుగుర్ని అడిగి, నిజమే, ఇప్పుడు ఏడువు అన్నాడంట. అప్పటికి యాడొస్తాది ఏడుపు. నవ్వొద్దు నాయనా, ఆయమ్మ మనసు ఎట్లుంటాదో అనుకో.

గానీ ఒకటి చెప్పల్ల, మనిషి మంచోడే. అబద్ధం అనేది ఆయన నోట్లో పుట్టి ఎరగదు. మనోడు, పరాయోడు అనేది లేదు. అందుకని ఊళ్ళో ఏం తగువొచ్చినా ఊరి పెద్ద రెడ్డి ఆయన్నే పిలిపించేవాడు. సుంకన్న చూసినా అన్నాడంటే జరిగినట్లు, చూళ్ళేదన్నాడంటే జరగనట్లు. ఊరు అట్ల అలవాటు పడిపోయింది. ఇంగ ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేదంట. సుగ్గి అయిపోయి గింజలు ఇండ్లకి చేరినాక, ఒక దినం ఊరంతా ఊరు ఇడిసిపెట్టి పోవల్ల. ఊరు ఇడిసే దినం అంటారు. ఆ పొద్దు ప్రతి ఇంట్లో పొయ్యి ఆర్పల్ల, దీపం ఆర్పల్ల. ముసలోళ్ళూ, పసిబిడ్డలూ, ఎద్దులూ, మేకలూ, గంపల్లో కోళ్ళూ, అంతా కలిసి ఊరి బయట చేన్లలోకి పోయి, చల్లటి సద్ది తిని, పొద్దు గుంకేదాకా ఆడనే ఉండల్ల. ఊళ్ళో మనిషి ఉండగూడదు, నిప్పు ఉండగూడదు. ఎందుకంటే ఆ దినం పెద్దమ్మ తల్లి ఒక్కతే వీధులెంబడి తిరుగుతాదంట. పొద్దు గుంకినాక పూజారి గుడికాడ కట్టెకి కట్టె రాసి కొత్త నిప్పు పుట్టిస్తే, దాన్ని కుండలో పెట్టుకుని ఇంటింటికీ పంచుతారు. అప్పుడు పొయ్యి ముట్టించుకోవల్ల. ఆ దినం ఊళ్ళో నిప్పు పెట్టినోన్ని మాత్రం వెలేస్తారు. వానికి నీళ్ళుండవు, పలకరించేవాళ్ళుండరు, మూటాముల్లె కట్టుకుని పోవల్సిందే. మరి ఇండ్లల్లో పొయ్యిలు నిజంగా ఆర్పినారా లేదా అని చూసేదానికి ఒక మనిషి కావల్ల కదా. ఇంగెవురు, సుంకన్నే. ఏటేటా ఆయనే ఇంటింటికీ పోయి, వంటకొట్టం గడపకాడ నిలబడి, లోపలికి వొంగి చూసి, చూసినా, నిప్పు లేదు అని ఊరంతా ఇనపడేట్లు అరిచేవాడు. గడప మాత్రం దాటడు. మొగోడు పోయి పొయ్యి కెలుకుతాడా యాడన్నా.

ఒక ఏడు ఏమైందంటే, ఊరు ఇడిసే దినం దగ్గర పడినప్పుడు అరుగు మీద కూచున్నోళ్ళు మాట్లాడుకుంటాండారు. తల్లి నడిచేటప్పుడు గజ్జెల సప్పుడు వొస్తాదంట, చూసినోనికి కండ్లు పోతాయంట, ఇట్లా. ఆ సప్పుడు ఎవురిన్నారు అన్నాడు సుంకన్న. ఎవురూ ఇన్లేదు. ఎవురికి కండ్లు పోయినాయి అన్నాడు. ఎవురికీ పోలేదు. మరి ఊళ్ళో ఒక్కడు గూడా లేనప్పుడు తల్లి తిరిగిందని ఎట్ల తెలుస్తాది, ఈ ఏడు నేనుంటా, ఉండి చూస్తా అన్నాడంట. అందరూ నోరెళ్ళబెట్టినారు. రెడ్డి మాత్రం ఆలోచన చేసినాడు. వీడు ఊరికే ఉండేవాడు కాదు, ఉండి చూసినా అంటే ఇంగ మా కట్టుబాటుకి తిరుగుండదు కదా అనుకున్నాడు. సరే సుంకన్నా, ఉండు, నీ కండ్లు పోతే అది నీకూ తల్లికీ మధ్య, నిప్పు జోలికి పోతే మాత్రం అది ఊరి సంగతి అన్నాడు. నేను నిప్పు జోలికి ఎందుకు పోతా రెడ్డెప్పా అన్నాడు ఈయన. గానీ ఇంటికొస్తే ఓబులమ్మ ఒప్పుకోలేదంట. వొద్దయ్యా, ఆ దినం ఊళ్ళో ఉండొద్దు, నీకు పుణ్యముంటాది అని కాళ్ళు పట్టుకునింది. పక్కింటామె వొచ్చి వొద్దన్నా అనింది. ఎదురింటామె వొచ్చి వొద్దనింది. ఆఖరికి రెడ్డి తల్లి నాగులవ్వ, గడప దాటని మనిషి, కట్టె పొడుచుకుంటా వొచ్చి, ఉండొద్దు నాయనా అనింది. ఆడోళ్ళకి ఇంత బెదురేందిరా నాయనా అనుకున్నాడంట సుంకన్న. ఏటికి వొద్దంటాండారో చెప్పండి అంటే ఒక్కరూ చెప్పరు. కారణం లేని మాట మాటే కాదని ఆయన లెక్క. ఉండేదానికే ఖాయం చేసుకున్నాడు.

ఆ దినం రానే వొచ్చింది. పొద్దున్నే ఇంటింటికీ పోయినాడు, గడపకాడ వొంగినాడు, చూసినా, నిప్పు లేదు అని అరిచినాడు. రెడ్డి ఇంటికాడ గూడా అట్లే. నాగులవ్వ పొయ్యిలో చెంబుడు నీళ్ళు కుమ్మరించింది, కట్టెలు సుయ్యిమన్నాయి, పైన బూడిదంతా తడి. చూసినా, నిప్పు లేదు. తన ఇంటికాడ గూడా చూసినాడు, తన ఇల్లని ఇడిసిపెట్టలేదు, నిప్పు లేదు. ఊరంతా ఎల్లిపోయింది. ఓబులమ్మ వెనక్కి తిరిగి తిరిగి చూస్తా పోయింది. ఇంగ ఊళ్ళో ఈయన ఒక్కడే. వీధి మధ్యలో, రెడ్డి వంటకొట్టానికి ఎదురుగ రాతి మీద కూచున్నాడు. ఒక్క కోడి కూత లేదు, ఒక బిడ్డ ఏడుపు లేదు. ఇన్నేండ్లుగా తెలిసిన ఊరే, గానీ ఎవురిదో అన్నట్లుందంట. పెద్దమ్మ రాలేదు. గజ్జెలు మోగలేదు. రెడ్డి ఇంటి పిల్లి మాత్రం వొచ్చింది, పిల్లిని ఎవురు పట్టుకుపోతారు. అది ఈయన్ని ఒకసారి చూసి, సీదా వంటకొట్టంలోకి పోయి పొయ్యిలో పండుకునింది. ఈయన అది గూడా చూసినాడు. పిల్లి పండుకునింది అనుకున్నాడు, అంతే.

ఎండ నెత్తికెక్కినాక గాలి లేచిందంట. ఉన్నట్టుండి పిల్లి అరుచుకుంటా బయటికి దూకింది, తోక కాలి కమురు వాసన. దాని వెనకాలే పొగ. చూస్తే రెడ్డి వంటకొట్టం, బోదగడ్డి కప్పు, భగ్గున అంటుకుంటాంది. ఆ పక్కనే గడ్డివామి, వామి ఆనుకుని ఇంగొకరి కొట్టం, దాన్ని ఆనుకుని ఇంగొకటి. అంటుకుంటే ఊరు మిగల్దు. అప్పుడు సుంకన్న రుజువు అడగలేదు పాపం. పశువుల తొట్లో నీళ్ళు కడవలతో మోసినాడు, కప్పెక్కి కాలే బోదని చేతుల్తో పీకి కింద పడేసినాడు, గోనెసంచి తడిపి కొట్టినాడు. ఒక్కడే. మీసాలు కాలిపోయినాయి, అరచేతులు బొబ్బలెక్కినాయి. వంటకొట్టం సగం పోయింది, వామి ఒక మూల కాలింది, ఊరు నిలబడింది. ఇంగ ఆ మసిలోనే కూలబడినాడంట.

పొద్దు గుంకే యాళకి ఊరు తిరిగొచ్చింది. వొచ్చి చూస్తే ఇదీ సంగతి. రెడ్డి మొగం నల్లబడింది. ఏం జరిగింది సుంకన్నా అన్నాడు. ఈయన జరిగింది జరిగినట్లు చెప్పినాడు, మీ పిల్లి పోయి పొయ్యిలో పండుకునింది, ఆమీట మీ వంటకొట్టంలోనుంచి పొగొచ్చింది, ఆర్పినా అని. రెడ్డి అన్నాడు కదా, పొద్దున మా గడపకాడ నిలబడి ఏమన్నావు? నిప్పు లేదన్నా. చూసి అన్నావా, చూడకుండా అన్నావా? చూసే అన్నా. నువ్వుండగా ఊళ్ళోకి ఎవురన్నా వొచ్చినారా? రాలేదు, పొద్దున్నుంచి చూస్తానే ఉండా. పిల్లి నిప్పు పెడతాదా? పెట్టదు. సుంకన్న అట్ల జవాబు చెప్పుకుంటా చెప్పుకుంటా మెల్లగ నిలిచిపోయినాడంట. తల దించుకుని ఆలోచన చేసినాడు. నిప్పు లేదు, అది తన కంటితో చూసింది. కొట్టం కాలింది, అదీ తన కంటితో చూసింది. ఊళ్ళో ఉండిన మనిషి తనొక్కడే. ఎటునుంచి లెక్కేసినా ఒకే కాడికి వొస్తాంది. ఆఖరికి తలెత్తి, అట్లయితే నేనే పెట్టింటా అన్నాడంట.

జనం బిత్తరపోయినారు. ఓబులమ్మ ముందుకొచ్చి, నువ్వు పెట్టినావా అని అడిగింది. పెట్టినట్లు గెవనం లేదు, గుర్తుకు రాలేదు అన్నాడు. లేనప్పుడు ఏటికి ఒప్పుకుంటావయ్యా అనింది ఆయమ్మ. గెవనం అనేది రుజువు కాదు కదా ఓబులమ్మా, ఇంగెవురూ లేరు కదా, నేను తీర్పు చెప్పల్సొచ్చినా ఇదే చెప్తా అన్నాడంట. చూడండి మనిషిని. ఊరిని కాపాడి, చేతులు కాల్చుకుని, తన మెడకి తనే ఉరి తగిలించుకునినాడు. రెడ్డికి మాత్రం ఏం దోవుంది, కట్టుబాటు కట్టుబాటే. పొద్దు పొడిచేలోపల మొగుడూ పెండ్లాము ఊరు ఇడిసి పోవల్ల అన్నాడు. ఓబులమ్మ నిలబడిన కాడనే కుప్పకూలింది. ఆ వయసులో యాడికి పోతారు, ఎవురు రానిస్తారు. ఆడోళ్ళంతా ఒకరి మొగం ఒకరు చూసుకున్నారంట. సుంకన్న అది గూడా చూసినాడు. జాలి పడతాండారు అనుకున్నాడు.

అప్పుడు నాగులవ్వ కట్టె పొడుచుకుంటా మధ్యలోకొచ్చింది. నా పొయ్యిలోనే నిప్పుండింది నాయనా అనింది. నీళ్ళు పోసింది ముందు పక్కనే, వెనకాల బూడిదలో నిప్పు పిడక కప్పెట్టినా, పిల్లి పండుకునిందంటే ఆడ వెచ్చగ ఉండబట్టే కదా, అది దొర్లి నిప్పు ఎగదోసింటాది అనింది. రెడ్డికి తల కొట్టేసినట్లైపోయింది. వెలేస్తే కన్నతల్లిని వెలెయ్యల్ల. గానీ నోరు తెరిచింది సుంకన్న. అవ్వా, నువ్వు నా మీద జాలితో చెప్తాండావు, నీ పొయ్యి నేను చూసినా, దాంట్లో నిప్పు లేదు అన్నాడంట. నేను పెట్టినాను కదప్పా అని అవ్వ. నీ మాటకి సాక్ష్యం ఎవురు అని ఈయన. నా చెయ్యి నాకు తెలీదా అని అవ్వ. నేను కండ్లారా చూసింది అబద్ధమా అని ఈయన. రెడ్డి గూడా ఎగిరి అందుకున్నాడు, అవునమ్మా, సుంకన్న చూసినాడు కదా, లేదు, నువ్వు పెద్దదానివైపోయినావు, పోయి కూచో అన్నాడు. తప్పించుకునే దోవ ఎదురుగుండా కనపడతాంటే, ఆ దోవకి అడ్డంగా తనే పండుకున్నాడన్నమాట సుంకన్న.

ఇంగ ఓబులమ్మకి కడుపు మండిపోయింది. ఇన్నేండ్లు మింగిందంతా అప్పుడు పైకొచ్చింది. లేచి వొచ్చి మొగుని మణికట్టు పట్టుకుని, నడువు అని ఇంటికి ఈడ్చకపోయింది. నాగులవ్వ వెనకాలే పోయింది, రెడ్డి పోయినాడు. మిగతా మొగోళ్ళంతా వీధిలోనే ఆగిపోయినారు, మొగుడూ పెండ్లాము రచ్చలో మనకేం పని అని. ఆయమ్మ ఈయన్ని వంటింటి గడప దాటించింది. ఆ గడప ఈయన తన పెండ్లయినాక దాటిందే లేదంట. పొయ్యిముందర కూచోబెట్టి, చెయ్యి పెట్టు అనింది. తడి బూడిద, దీంట్లో ఏముంది అన్నాడు. వెనకాల పెట్టు అనింది. పెట్టినాడు, అమ్మా అని చెయ్యి లాక్కున్నాడు. ఆయమ్మ వొంగి ఉఫ్ ఉఫ్ అని ఊదితే, బూడిద పక్కకి పోయి, పిడక ఎర్రగ మెరిసిందంట. ఇది గూడా నువ్వే పెట్టినావా అని అడిగింది ఓబులమ్మ.

సుంకన్న ఆ నిప్పుని చూసినాడు. చూసి, చూసి, ఎప్పట్నుంచి అన్నాడంట. నేను కాపరానికొచ్చినప్పట్నుంచి, మీ యమ్మే నేర్పించింది, ఆయమ్మకి ఆయమ్మత్త, పూజారి కట్టె రాసి రాసి నిప్పు పుట్టించి అది మన గడపకొచ్చేసరికి బిడ్డలు ఆకలికి ఏడ్చి ఏడ్చి పండుకుంటారు, అందుకని ఊళ్ళో ప్రతి పొయ్యిలో ఇంత నిప్పు కప్పెట్టి పోతాము, మీ మొగోళ్ళకి తప్ప ఊళ్ళో ఆడోళ్ళకందరికీ తెలుసు అనింది. నాకేటికి చెప్పలేదు అన్నాడు. నువ్వు చూసి పోయినావు, ఒక్కనాడన్నా అడిగినావా అనింది. తలుపుకాడ రెడ్డి గోడ పట్టుకుని నిలబడినాడు. ఇప్పుడేం చెయ్యల్ల. నిజం చెప్తే ఒక్క నాగులవ్వతో పోదు, ఊళ్ళో ఆడోళ్ళందర్నీ వెలెయ్యల్ల. ఓబులమ్మని గూడా. చెప్పకపోతే సుంకన్న పోవల్ల, ఆయనతో గూడా ఓబులమ్మే పోవల్ల. రెడ్డి అడగలేక అడిగినాడంట, ఏం చెప్తావు సుంకన్నా, బయట కాచుకోనుండారు అని. సుంకన్న పెండ్లాము పక్క చూసినాడు. ఆయమ్మ ఏం అడగలేదు. ఏడవను గూడా ఏడవలేదు, మళ్ళీ బూడిద కప్పుతా ఉంది, రేపటికి ఉంటాదో లేదో తెలీని ఇంట్లో నిప్పు ఆరిపోకుండా. ఆ చేతుల్ని చూసినాక ఇంగ ఆయనకి కూచోబుద్ధి కాలేదంట.

లేచి బయటికొచ్చినాడు. వీధి నిండా జనం. ఆకాశంలో మచ్చుకి ఒక మోడం లేదు, మబ్బు తునక లేదు, చుక్కలు పొడుస్తాండాయి. సుంకన్న గొంతు సవరించుకుని, పిడుగు పడింది అన్నాడంట. ఏందీ అన్నారు జనం. పిడుగు పడింది, రెడ్డి వంటకొట్టం మీద, మద్దేన్నం, నేను చూసినా అన్నాడు. అని, కాచుకున్నాడంట. మోడం లేంది పిడుగెట్ల పడుతాది అని ఎవురో ఒకరు అడుగుతారని. మరి ఇందాక నేనే పెట్టింటా అన్నావే అని అడుగుతారని. నీ మాటకి సాక్ష్యమేది అని అడుగుతారని. ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. సుంకన్న చూసినాడంట, ఇంగేం కావల్ల అన్నారు. పిడుగు దెబ్బకి మతి చెదిరి నేనే పెట్టినా అన్నాడు పాపం అన్నాడొకడు. మోడం లేకుండా పడిందంటే అది ఉత్త పిడుగు కాదు, తల్లే వొచ్చింది అన్నాడు ఇంగొకడు. పూజారి అప్పుడే దండం పెట్టేసినాడు. ఆడోళ్ళు మాత్రం కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని, గబగబా ఇండ్లల్లోకి పోయి పొయ్యిలు ముట్టించుకున్నారంట. జన్మంతా నిజం చెప్పి కూడబెట్టిన నమ్మకమంతా ఆ ఒక్క మాటకి సరిపోయింది చూడు. రెడ్డి ఆయన భుజం మీద చెయ్యేసి బతికించినావు సుంకన్నా అన్నాడు. బతికించినందుకు ఆయనకేం సంతోషం లేకపోయింది. ఇంత సులభంగా నమ్మేది ఉంటే, ఇన్నేండ్లు నా నిజాలు గూడా ఇట్లే నమ్మినారు కదా అని దిగులు పట్టుకునిందంట. ఓబులమ్మతో మాత్రం ఆ రోజునుంచి మాట మారింది. ఆయమ్మ తలనొప్పి అంటే నొప్పే, ఆకలి అంటే ఆకలే, ఎంతంటే అంత, ఎదురు అడిగేది లేదు.

పిడుగు పడిన కాడ ఒక రాయి నిలబెట్టినారు, పసుపూ కుంకమా పూసినారు. పిడుగురాయమ్మ అంటారు. నేను కాపరానికొచ్చినప్పుడు మా యత్త చూపించింది, ఇప్పటికీ ఉంది. ఏటేటా ఊరు ఇడిసే దినం ముందు ఆడ టెంకాయ కొట్టల్ల, ఆ టెంకాయ సుంకన్నే కొట్టేవాడంట, సచ్చేదాకా, చూసిన మనిషి కదా. కొట్టేముందు చెయ్యెత్తి, చుట్టూ నిలబడినోళ్ళ మొగాల పక్క ఒకసారి చూసేవాడంట, ఈ ఏడన్నా ఎవురో ఒకరు, నువ్వు నిజంగా చూసినావా సుంకన్నా అని అడుగుతారేమో అని. ఎవురూ అడగలేదు. అడిగింటే చెప్పేసేవాడేమో, చెప్పకపోయేవాడేమో, నాకు తెలీదు. ఈ కత మా ఊళ్ళో మొగోళ్ళని అడిగితే పిడుగు కతే చెప్తారు, తల్లి వొచ్చింది, సుంకన్న చూసినాడు అని. నేను చెప్పింది పొయ్యికాడ చెప్పుకునే కత. మరి రెండిట్లో ఏది జరిగింది అంటే, నేనేమన్నా ఉండి చూసినానా నాయనా. పొద్దున్నుంచి నేను చెప్తానే ఉండా, నువ్వు రాసుకుంటానే ఉండావు, ఆ మాట నువ్వు గూడా ఒక్కసారన్నా అడగలేదు.